వజ్రమ్మ ఎత్తు బంగారం

నేను ఒక కాంటాను. కూరగాయలామె చేతిలో ఊగే తరాజు అనుకునేరు, దాని సంగతి వేరు. నాకు మనిషి పొడవు ఇనుప కడ్డీ ఉంది, దాని నడుమ ముల్లు ఉంది, రెండు కొసలకూ గొలుసులు, గొలుసులకు నల్లమద్ది చెక్కతో చేసిన రెండు పెద్ద పళ్లేలు ఉన్నాయి. ఒక్కో పళ్లెంలో మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. కూర్చున్నారు కూడా. ఆ సంగతే చెప్పబోతున్నాను.

నన్ను వరంగల్‌లో ఒక కమ్మరి కొలిమిలో చేశారు. చేసినాయన ముఖం గుర్తు లేదు, ఆయన తిట్లు మాత్రం గుర్తున్నాయి. రెండు పళ్లేలూ ఖాళీగా వదిలి, ముల్లు సరిగ్గా నడుమ నిలబడేదాకా గీకాడు, అరగదీశాడు, మళ్లీ తిట్టాడు. చివరికి నిలబడ్డాక "ఇగ నువ్వు ఏ దిక్కూ కాదు పో" అని బీడీ ముట్టించుకున్నాడు. నాకు దొరికిన దీవెన అదొక్కటే.

మొదట ఒక మిర్చి వ్యాపారి కొన్నాడు. అక్కడ ముక్కు లేకపోవడం వల్ల బతికిపోయాను. రైతు చూడనప్పుడు వ్యాపారి నా పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించేవాడు. వ్యాపారి చూడనప్పుడు రైతు బస్తాలో నీళ్లు చల్లేవాడు. ఆ తర్వాత ఇద్దరూ నా ముందు నిలబడి దేవుడి మీద ఒట్లు వేసుకునేవాళ్లు. నా మీద ఎంత బరువు పడితే అంతే చెప్పాను. అది ఎక్కడ దాచిన బరువని నన్నెవరూ అడగలేదు.

ఆ వ్యాపారి కొట్టు ఎత్తేశాక పరకాలలో గందె చంద్రమౌళి సేటు నన్ను తెచ్చుకుని తన కిరాణా కొట్టు ముందు దూలానికి వేలాడదీశాడు. ఇక్కడ మిర్చి పోయి బెల్లం వచ్చింది. చీమలు తప్ప వేరే బాధ లేదు.

మా దిక్కు రెండేళ్లకొకసారి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర అవుతుంది. అక్కడ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. ఏదైనా గండం వస్తే "తల్లీ, గట్టెక్కించు, ఎత్తు బంగారం ఇస్త" అని మొక్కుతారు. అంటే మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. జాతరకు బయలుదేరే ముందు ఆ మనిషిని కాంటాలో ఒక దిక్కు కూర్చోబెట్టి రెండో దిక్కు బెల్లం ముద్దలు పెట్టి జోకుతారు. ముద్ద ఒక్కొక్కటి పది కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. వాడకట్టంతా చుట్టూ నిలబడి ముద్దలు లెక్కపెడుతుంది. కొంత బెల్లం తల్లికి పోతుంది, మిగతాది వాడకు పంచుతారు. భక్తి ఎంతో, ఎవరెంత బరువున్నారో తెలుసుకోవాలన్న కుతి కూడా అంత అని నాకు అనిపిస్తుంది.

కొట్టుకు ఎదురుగా, ఎడ్లబండి మాత్రమే పట్టే సందుకు అవతల, వజ్రమ్మ వాళ్ల ఇల్లు. ఆమె గడపలో కూర్చుని చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేసేది. భర్త సాంబయ్య సినిమా హాలులో గేటుకీపరు. అత్త కనకవ్వ. వజ్రమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చీపురుపుల్లలా ఉండేది. కానుపు కష్టమై ఫిట్స్ వచ్చి దవాఖానాలో పడిపోయిన రోజు కనకవ్వ హారతి కర్పూరం కోసం మా కొట్టుకు పరిగెత్తుకొచ్చింది. కర్పూరం తీసుకుని, నా పళ్లెం మీద చెయ్యి పెట్టి, అక్కడే నిలబడి మొక్కింది. "తల్లీ, నా కోడలి పాణం నిలబెట్టు. కోడలి ఎత్తు బంగారం ఇస్త." తల్లి నిలబెట్టింది. ఆడపిల్ల పుట్టింది. సారక్క అని పేరు పెట్టుకున్నారు.

అప్పుడే జోకి ఉంటే నాలుగు ముద్దలతో అయిపోయేది. కానీ ఆ జాతరకు కనకవ్వ తమ్ముడు పోయి మైల వచ్చింది. తర్వాతి జాతరకు వజ్రమ్మకు ఒళ్లు వచ్చింది. కానుపు తర్వాత ఏమైందో, గొంతులో గ్రంథి అన్నారో, పొద్దంతా బీడీల ముందు కూర్చోవడం వల్ల అన్నారో, మొత్తానికి ఆమె పెరగడం మొదలుపెట్టింది, ఆగలేదు. ఆగని మనిషికి ఆగిపోయిన మొక్కు. అందరి ముందు నా మీద కూర్చోమంటే వజ్రమ్మ "ఈసారి గాదు, తగ్గినంక ఎక్కుత" అంది. దాని తర్వాతి జాతరకూ అదే మాట.

ఇక ఆ ఇంట్లో వేరే ముచ్చట లేకుండా పోయింది. సాంబయ్య వారానికొక మందు కనిపెట్టేవాడు. ఉలవలు ఉడికించి తాగితే కరుగుతుందని ఒక వారం ఉలవలు. తేనె నిమ్మకాయ అని ఒక వారం తేనె. బార్లీ, మెంతులు, జీలకర్ర. అన్నీ మా కొట్టులోనే కొనేవాడు. వజ్రమ్మ ఒంటి వల్ల మా సేటుకు కూడా కాస్త ఒళ్లు వచ్చింది. "పొద్దున లేసి నడువే" అని సాంబయ్య అంటే, "నేను నడిస్తె బీడీలు ఎవలు చేస్తరు, నువ్వా" అని ఆమె చాట లాక్కునేది. ఆ ఇల్లు నడిచేది ఆ చాట మీదనే. సాంబయ్య మాత్రం కంచం నిండా గుట్ట పోసుకుని తినేవాడు. ఆయన ఎముకల మనిషి కాబట్టి అది తిండి అనిపించుకునేది. అదే తిండి ఆమె కంచంలో ఉంటే తప్పు.

సారక్క ఈ తూకంలోనే పెరిగింది. మిగతా పిల్లలను పెద్దవాళ్లు "ఎన్నో తరగతి" అని అడుగుతారు. సారక్కను "మీ అమ్మ తగ్గిందా" అని అడిగేవాళ్లు. చక్కెర కొనడానికి వస్తే చక్కెర ఎవరికని అడిగేవాళ్లు. సాయంత్రం అరుగు మీద కూర్చుని కనకవ్వ మనవరాలిని దగ్గరకు తీసుకుని తల దువ్వుతూ అడిగేది, "మీ అమ్మ పగటీలి ఎన్ని రొట్టెలు తిన్నదే?" ఆ పిల్ల ఆలోచించకుండా "ఒక్కటే" అనేది. వజ్రమ్మ అత్తకు తెలియకుండా వంటింట్లో తినే మూడో రొట్టె సంగతి ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు, ఎందుకంటే రొట్టెలోకి బెల్లం ముక్క కోసం సారక్కనే మా కొట్టుకు పంపేది. తల దువ్వించుకుంటూ అంత సాఫీగా అబద్ధమాడే పిల్లను నేను మళ్లీ చూడలేదు.

వజ్రమ్మ పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ఒకసారి బస్సు ఎక్కితే ఎవడో "ఈమెకు రెండు టిక్కెట్లు కొట్టు" అన్నాడట, అప్పటి నుంచి బస్సు కూడా మానేసింది. బడిలో తల్లుల మీటింగు ఉంటే కనకవ్వ పోయేది. ఇంటికి వచ్చాక వజ్రమ్మ కూతురిని "టీచరమ్మ ఏమన్నది, ఏ చీర కట్టింది" అని పది మాటలు అడిగేది. అడిగినంత సేపు బీడీకి దారం చుట్టడం మర్చిపోయేది.

ఇంట్లో ఏం జరిగినా మొక్కు మీదికే పోయేది. సారక్కకు జ్వరం వస్తే మొక్కు చెల్లించక. పైకప్పు పెంక కారితే మొక్కు చెల్లించక. మేక చచ్చిపోతే మొక్కు చెల్లించక. మేకకు ముసలితనం వచ్చిందని ఎవరూ అనుకోలేదు. మాటకు మాట పెరిగి చివరికి వజ్రమ్మ తగ్గక అనే చోట ఆగేది.

సారక్క మూడో తరగతిలో ఉన్నప్పుడు మళ్లీ జాతర వచ్చింది. కనకవ్వ, సాంబయ్య మా కొట్టు ముందు నిలబడి సేటుతో ఒక ఉపాయం చెప్పారు.

"నేను మొక్కింది ఆ కానుపు కోసమే గద సేటూ. తల్లి గాకపోతె పిల్ల. పిల్లను జోకితె అయిపాయె," అంది కనకవ్వ.

"పిల్ల ఎంతుంటదవ్వా, రెండు ముద్దలు. నాకేం లాభం," అన్నాడు సేటు. నవ్వుతూనే అన్నాడు గానీ నిజమే అన్నాడు.

ఎదురు గడపలో వజ్రమ్మ అంతా వింటోంది. సాంబయ్య ఆమె దిక్కు చూశాడు. "మీ ఇష్టం," అంది. ఆ మాటలో నాకు సంతోషం వినిపించింది. దాని వెనకనే ఇంకోటి కూడా వినిపించింది. కత్తెర తీసుకుని ఆకులు కత్తిరించడం మొదలుపెట్టింది, అవసరమైన దానికంటే చాలా ఎక్కువ కత్తిరించింది.

సాయంత్రం సారక్క సబ్బు కోసం వచ్చి నా గొలుసు పట్టుకుని నిలబడింది. ఉప్పు కొంటున్న ఒక ముసలామె సేటుతో మాట కలిపింది. "మొక్కింది తల్లి పాణానికాయె, జోకేది పిల్లనా. సమ్మక్క తల్లికి లెక్క రాదనుకుంటాండ్లా. ఎంత తక్కువ జోకితె అంత ఆయుష్షు తక్కువిస్తది." ఉప్పు తీసుకుని పోయింది. ఇలాంటి మాటలు అనేవాళ్లకు ఉప్పు ఇంటికి చేరేలోపే అవి గుర్తుండవు.

సారక్క పోలేదు. నా గొలుసును గట్టిగా పట్టుకుంది, ఆ పట్టు నాకు కడ్డీ దాకా తెలిసింది. కాసేపటికి అడిగింది. "సేటూ, మా అమ్మ నా కంటె ఎంత ఎక్కువుంటది?"

"అది ఆ సమ్మక్క తల్లికే తెల్వాలె," అని సేటు నవ్వి సబ్బు చేతిలో పెట్టాడు.

మర్నాడే జోకేది. తెల్లవారేసరికి సారక్క తలస్నానం చేసి వచ్చింది. నాకు పసుపు పూసి బొట్లు పెట్టే పని ఆమెదే. సేటు లోపల పూజలో ఉన్నాడు. పిల్ల ముందు నాకు పసుపు పూసింది, బాగానే పూసింది. తర్వాత మూలన వరుసగా పెట్టిన తూకపు రాళ్ల దగ్గరకు పోయింది. అవి ఇనుమే, అందరూ రాళ్లనే అంటారు. చిన్నవి ఎత్తుకొచ్చింది. ఐదు కిలోలవి రెండు చేతులతో, పొట్టకు ఆనించుకుని తెచ్చింది. పది కిలోలవి తనతో కాలేదు, నేల మీద దొర్లించుకుంటూ వచ్చింది. అన్నింటినీ నా పళ్లెంలో సర్ది, ఇంటి నుంచి తెచ్చిన గొంగడి మడతపెట్టి పైన కప్పింది. మనిషి ఎక్కడానికి వీలుగా ఆ పళ్లెం ఎప్పుడూ నేలకు ఆనించే ఉంచుతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నా రాళ్లు నా కడుపులోనే దాక్కుని కూర్చున్నాయి. ఇన్నేళ్లలో నాకు అంత ఇబ్బంది ఎప్పుడూ కలగలేదు.

వాడకట్టు చేరింది. డప్పు మోగింది. సేటు కొబ్బరికాయ కొట్టి, రాళ్ల మూల చూసి "నిన్ననే కడిగి పెడితిని, ఏడ పాయె" అని గొణుక్కున్నాడు. మొక్కుకు రాళ్లతో పని లేదు గనక వదిలేశాడు. సారక్క కొత్త లంగా వేసుకుని గొంగడి మీద కూర్చుంది. చేతిలో కొబ్బరికాయ, ముఖం బిగించి పెట్టింది.

ఒక ముద్ద పెట్టారు. రెండో ముద్ద పెట్టారు. కనకవ్వ చేతులు జోడించి పిల్ల లేవడం కోసం చూసింది. పిల్ల లేవలేదు. మూడో ముద్దకు జనం నవ్వారు, పిల్ల గట్టిదే అన్నారు. నాలుగో ముద్దకు నవ్వు ఆగిపోయింది. ఐదో ముద్ద పెట్టేసరికి డప్పు ఆగిపోయింది. ముల్లు పక్కకే ఒరిగి ఉంది.

ఎవరో "తల్లి ఒప్పుకుంటలేదు" అన్నారు. అంతే, ఒకామెకు పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకుని "నా లెక్క నాకు కావాలె" అని ఊగింది. కనకవ్వ నేల మీద సాగిలపడింది. రాళ్ల సంగతి చెప్పడానికి నాకు ముల్లు తప్ప నోరు లేదాయె. ఆ ముల్లు చెప్పేది బరువు ఒక్కటే, అది చెప్తూనే ఉన్నాను.

అప్పుడు వజ్రమ్మ గడప దిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె సందు దాటి రావడం. జనం పక్కకు జరిగారు, కొంత గౌరవంతో, కొంత ఇరుకు వల్ల. ఆమె కూతురి ముందు కూర్చుంది. పూనకాన్ని, డప్పును, అత్తను ఎవరినీ చూడలేదు. పిల్ల ముఖం మాత్రం చూసింది. మూడో రొట్టె సంగతి దాచే ముఖం అది. ఆమెకు తెలియని ముఖం కాదు.

గొంగడి కిందకు చెయ్యి పోనిచ్చి ఒక రాయి తీసింది. నేల మీద పెట్టింది, ఠంగుమంది. ఇంకోటి తీసింది. పూనకం వచ్చినామె ఊగడం ఆపి చూసింది. ఐదుదీ, ఇంకో ఐదుదీ, పదిదీ. సేటు "నా రాళ్లు" అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు.

"ఏందే ఇది?" అంది వజ్రమ్మ.

సారక్కకు అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. "నీ అంత జోకాలె గదమ్మా. లేకుంటె నువ్వు సచ్చిపోతవట. నువ్వెంతుంటవో తెల్వక ఉన్నయన్ని పెట్టిన."

సందంతా విన్నది. వజ్రమ్మ కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది, తర్వాత అదే కొంగుతో తన కళ్లు తుడుచుకుంది. ఆమెకు ఏం తోచిందో నేను చెప్పగలను. తన ఒంటి బరువును ఇన్నేళ్లూ తను మోస్తున్నాననుకుంది, మోసింది ఈ పిల్ల అని తెలిసింది.

"దిగు బిడ్డా," అంది. గొంగడి తీసేసింది. "మొక్కు నా పాణానిది. నేనే ఎక్కుత." అత్త దిక్కు తిరిగి, "అత్తా, ముద్దలు గట్టిగ లెక్కపెట్టు. అందరికి ఇనవడాలె" అంది.

కూర్చుంది. దూలం కిర్రుమంది. ఈ మాట దాచను, నేను కూడా భయపడ్డాను. కనకవ్వ లెక్క మొదలుపెట్టింది, రెండో ముద్దకే తప్పింది. సారక్క అందుకుంది. ఆ పిల్ల లెక్కపెట్టినంత గట్టిగా బడిలో ఎక్కాలు కూడా ఎవరూ చదివి ఉండరు. తొమ్మిదో ముద్ద దాటాక, చిన్న చిన్న ముక్కలు పెడుతుంటే వజ్రమ్మ నెమ్మదిగా నేల విడిచి లేచింది. ముల్లు నడుమకు వచ్చి నిలబడింది. ఈ దిక్కు వజ్రమ్మ, ఆ దిక్కు బెల్లం. ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆమెను ఎక్కువ అనకుండా వాడకట్టు చూసిన మొదటిసారి అదే.

తర్వాత బెల్లం పంచారు. వాడలో ఏ ఇంటికీ అంత పెద్ద ముక్క ఎప్పుడూ రాలేదు. వజ్రమ్మ నా పక్కనే అరుగు మీద కూర్చుని, అందరూ చూస్తుండగా ఒక ముక్క కొరికి తిన్నది. కనకవ్వ చూసి ముఖం తిప్పుకుంది. ఆ రోజు నుంచి రొట్టెల లెక్క అడగలేదని చెప్పలేను. అడిగేది. సారక్క "మూడు" అని నిజం చెప్పేది.

వజ్రమ్మ మరుసటి జాతరకు తానే వచ్చి ఎక్కింది, ఏ మొక్కూ లేకుండా. "బతికిన గద, ఇయ్యకపోతె ఎట్ల" అంది. తర్వాత ప్రతి జాతరకూ అంతే. వాడ పిల్లలు జాతర దగ్గర పడితే ఆమెను "అవ్వా, బాగ తిను" అని అడిగేవాళ్లు. మా కొట్టుకు ఎర్ర అంకెల మిషన్ వచ్చింది. దానికి ఒక్కటే పళ్లెం. అంకె చెప్తుంది గానీ సరిసమానం అని చెప్పలేదు. అందుకే నన్ను నూనె డబ్బాల వెనక పడేసినా, జాతరకు మాత్రం బయటకు తీసి దుమ్ము దులుపుతారు.

సారక్క బస్సు కండక్టరు అయింది. బొద్దుగా ఉన్న ఆడవాళ్లు ఎక్కితే ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెడుతుందట, ఎవడైనా నోరు జారితే నడిమి దారిలో దింపుతుందట. దింపడం రూల్సులో ఉందో లేదో నాకు తెలియదు.

మొన్నటి జాతరకు మళ్లీ నన్ను బయటకు తీశారు. కనకవ్వ పోయి చాలా ఏళ్లయింది. సేటు ముసలివాడై కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆ ఏడాదంతా సాంబయ్య మా కొట్టుకు వస్తూనే ఉన్నాడు. నెయ్యి, అరటిపళ్లు, ఖర్జూరాలు, పాలపొడి. అదే కొట్టు, అదే మనిషి, సరుకు మారింది. వజ్రమ్మకు కడుపులో గడ్డ. హైదరాబాద్ తీసుకెళ్లారు, తీసుకొచ్చారు. సందులో ఎదురైన ఒకామె అలవాటుగా "వజ్రమ్మా, తగ్గినవ్" అని, మాట సగంలో మింగేసింది. సాంబయ్య కోరుకున్నది ఇన్నాళ్లకు దొరికింది. ఆయన ఆ పొద్దు అన్నం తినలేదు.

జోకే పొద్దున సారక్క తొందరగా వచ్చింది. నాకు పసుపు పూసింది. మూలన తుప్పు పట్టిన రాళ్లలో ఐదు కిలోలది తీసి, నా పళ్లెంలో పెట్టి, పైన గొంగడి పరిచింది. అదే రాయి. నా రాయి నాకు తెలవదా.

వజ్రమ్మను ఇద్దరు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. పిల్లలు ముద్దల లెక్క కోసం సిద్ధంగా ఉన్నారు. ఆమె సర్దుకుని కూర్చోబోయి ఆగింది. పెదవులు కదపకుండా అడిగింది. "కింద గట్టిగ తలుగుతాంది. ఏం పెట్టినవే?"

సారక్క వంగి చీర కుచ్చిళ్లు సర్దుతున్నట్టు చేసింది. "ఊకో అమ్మా."

వజ్రమ్మ చుట్టూ నిలబడ్డ వాడను ఒకసారి చూసింది. రెండో పళ్లెం పక్కన పేర్చిన ముద్దలను చూసింది, సాంబయ్యను చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. కూతురి చెవి దగ్గరకు నోరు పెట్టింది.

"ఒక్కటేనా?"

"ఆఁ."

"ఇంకోటి పెట్టు బిడ్డా. వచ్చే జాతర దాకన్న ఉండాలె గద."

సారక్క ఇంకోటి పెట్టింది. తర్వాత ముద్దలు పెట్టారు, పిల్లలు లెక్కపెట్టారు, నేను ముల్లును నడుమకు తెచ్చి నిలబెట్టాను.